కంభం చూసొచ్చిన విశ్వాసమ్మ

విశ్వాసమ్మ పుట్టిల్లు ఆలూరు తట్టు. పెళ్లయి వచ్చింది కోయిలకుంట్లకూ నంద్యాలకూ మధ్య ఉన్న ఒక నల్లరేగడి పల్లెకు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె డబ్బులను దుడ్లు అనేది. ఊరికి ఎడంగా ఉన్న వాళ్ల పేటలోని ఆడవాళ్లు విని పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆమె మాట మార్చుకోలేదు. "మీరు నవ్వేది నవ్వండమ్మా, మా అమ్మ నేర్పిన మాట యాడ పారేసేది నేను?" అంది. కొన్నేళ్లకు పేటలోని పిల్లలు కూడా దుడ్లు అనడం మొదలుపెట్టారు. ఆమె ఎట్లాంటి మనిషో తెలియడానికి ఇది చాలు.

భర్త ఏసేపు మెత్తనివాడు. కపిల బావులకు తోలు తొండాలు కుట్టడం అతని పని. ఎడ్లు మోటను లాగుతుంటే బావిలోని నీటిని పైకి మోసుకొచ్చి కాలువలో కక్కే తోలు గొట్టాన్ని తొండం అంటారు. ఏసేపు కుట్టిన తొండంలోంచి చుక్క కారదని చుట్టుపక్కల పేరు. అయితే ఆ తొండంతో తోడిన నీళ్లను అతని భార్య చేత్తో ముంచుకోవడానికి లేదు. రెడ్ల బావి దగ్గర కడవ కింద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి, ఎవరైనా వచ్చి పోసేదాకా నిలబడాలి. పేటలోని ఆడవాళ్లందరూ అట్లాగే నిలబడేవారు. విశ్వాసమ్మ కూడా పెళ్లయిన నాటి నుంచి నిలబడింది. నిలబడి నిలబడి ఆమెకు అదొక అలవాటైపోయింది. నీళ్లంటే ఒకరు పోయాల్సినవే అనుకునేది.

ఆ పేటవాళ్లందరూ తాతల నాడే క్రైస్తవులయ్యారు. మట్టిగోడల గుడి ఒకటి ఉండేది. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు కూర్చునేవారు. ఏసేపు అన్న లేవి ఆ గుడికి సంఘపెద్ద. పల్లెలో తప్పు చేసినవాళ్లను, అంటే తాగి కొట్టుకున్నవాళ్లనో, భార్యను వదిలేసినవాళ్లనో, గుడి వెనక గోడకు ఆనించి వేసిన ఈతాకు చాప మీద కూర్చోబెట్టేవారు. నంద్యాల నుంచి పాస్టరు అయ్యగారు వచ్చి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజున ఆ చాప మీద ఉన్నవాళ్లకు రొట్టె ఇవ్వరు. అందరి ముందూ లేచి "తప్పు చేసినాను, క్షమించండి" అన్నాకే ముందుకు రానిస్తారు. చాప మీద కూర్చున్న మనిషి ఇంటికి పెళ్లి సంబంధాలు కూడా వచ్చేవి కావు. చచ్చిపోతే అయ్యగారు ప్రార్థన చేస్తారో చెయ్యరో అని కూడా భయం ఉండేది. అందుకే ఆ చాప మీద ఎవరూ రెండు వారాలకు మించి కూర్చోలేదు.

అవి ఇంకా తెల్లదొరల పాలన సాగుతున్న రోజులు. విశ్వాసమ్మకు నలభై ఏళ్లు వచ్చాయి. ఇద్దరు కూతుళ్లకూ పెళ్లిళ్లు చేసి జమ్మలమడుగు వైపు పంపించేసింది. ఆ ఏడు జొన్నకోతలకు ముందు వారం నంద్యాలలో ఒక పెళ్లి తగిలింది. ఏసేపుకు తోలు అమ్మే స్నేహితుడి కొడుకు పెళ్లి. శుక్రవారం పెళ్లి చూసుకుని శనివారం తిరిగి రావాలని అనుకున్నారు. ఆదివారం గుడిలో కోతపండుగ. ప్రతి ఇంటివాళ్లూ తొలి వెన్నులు నలిపిన కొత్త గింజలను చేటలో పోసుకుని గుడికి తెచ్చే రోజు. సోమవారం నుంచి ఊరి ఆసామి రెడ్డి చేలో కోత. పేటలోని ఆలుమగలందరూ కోతకు వస్తారని లేవి రెడ్డికి మాట ఇచ్చి ఉన్నాడు.

భార్యాభర్తలు ఉతికిన బట్టలు కట్టుకుని, కొంత దూరం బండి మీద, కొంత దూరం నడిచి నంద్యాల చేరేసరికి, పెళ్లివారి సందు మొదట్లోనే స్నేహితుడు చేతులు అడ్డం పెట్టి నిలబడి ఉన్నాడు.

"దగ్గరికి రావాకప్పా ఏసేపూ! మావానికి ఆటలమ్మ పోసింది. పెండ్లి ఇంగ వచ్చే నెలే."

"అట్లనా! పిల్లోడు బాగుండాడా?"

"బాగానే ఉండాడు. గోక్కుంటాండాడు. పొండి, పొండి, మీకు అంటుకుంటే నన్ను తిడతారు."

ఇద్దరూ స్టేషను వైపు నడిచారు. అక్కడ చెట్టు నీడ ఉంది, పొద్దు వాలేదాకా కూర్చుని తిరుగుదారి పట్టొచ్చు అనుకున్నారు. విశ్వాసమ్మ మూటలోని జొన్నరొట్టె విప్పబోతుండగా తూర్పుకు పోయే రైలు వచ్చి ఆగింది.

ఏటా పత్తి తీసేటప్పుడు విశ్వాసమ్మ నడుము పైకెత్తి తూర్పుకు చూసేది. నల్లటి నేల చివర నీలంగా గీత గీసినట్టు నల్లమల కనిపించేది. "ఆ కొండలెనక ఏముండాది?" అని ఎందరినో అడిగింది. అడవి అన్నారు, పులులు అన్నారు. పోయి చూసినవాడు పేటలో ఒక్కడూ లేడు.

"ఈ రైలు యాడికి పోతాది?" అని ఆమె మూటలు మోసే కూలీని అడిగింది.

"గిద్దలూరు, కంభం, ఆపైన బెజవాడ."

"ఆ కొండల్లోకి ఎట్ల పోతాది?"

"కొండకు బొక్క పెట్టినారు గదమ్మా. ఈ తట్టు దూరి ఆ తట్టు తేల్తాది."

విశ్వాసమ్మ రొట్టె మళ్లీ మూట కట్టింది. నోరు తెరిచి ఏమీ అనలేదు. ముందు ఎవరన్నారు అనే దాని మీద తర్వాత పెద్ద గొడవే జరిగింది కాబట్టి సంగతి ఇక్కడే చెప్పాలి. అన్నది ఏసేపే. చదివింపులకని మొలలో కట్టుకొచ్చిన డబ్బులను తడుముకుంటూ, ఆమె ముఖం వైపు చూడకుండా, "పోదామామే?" అన్నాడు.

"యాడికి?"

"యాడికో ఏం తెల్సు నాకు. ఎన్నేండ్ల నుంచో అడుగుతాంటివి గదా, కొండలెనక ఏముండాదని."

"ఎవరన్నా అడిగితే ఏమని చెప్పేది?"

"అడిగినప్పుడు సూసుకుందాం లే. ఎక్కు ముందు, కూత పెడ్తాండాది."

గాజులపల్లె దాటాక నేల రంగు మారింది. నల్లమట్టి పోయి ఎర్రమట్టి వచ్చింది, ఆపైన రాళ్లు, ఆపైన చెట్లు. రైలు వంపులు తిరుగుతూ ఎక్కుతుంటే వెనక పెట్టెలు కిటికీలోంచి కనిపించాయి. లోయ మీద వంతెన వచ్చినప్పుడు కింద చెట్ల తలలు కనిపించాయి. తర్వాత సొరంగం. ఒక్కసారిగా చీకటి, పొగ, పెట్టెలో ఆడవాళ్ల కేకలు. ఆమె భర్త చెయ్యి పట్టుకుంది. వెలుగు వచ్చాక కూడా వదల్లేదు. ఎదురుగా కూర్చున్న తమలపాకుల వ్యాపారి ఆ చేతుల వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. ఆమె అతని కళ్లలోకే చూసింది. వ్యాపారి తన ఆకుల బుట్టను సర్దుకోవడంలో పడ్డాడు.

కొండలు దిగాక కంభం. నల్లమల ఒక పక్క, వెలుగొండలు ఇంకో పక్క, మధ్యలో పళ్లెంలాంటి పచ్చటి నేల. రాత్రికి స్టేషనులోనే పడుకుని, మర్నాడు పొద్దున్నే ఇద్దరూ చెరువు చూడ్డానికి నడిచారు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి ఎప్పుడో రాజుల కాలంలో నిలిపిన చెరువు. కట్ట ఎక్కి చూస్తే అవతలి ఒడ్డు కనిపించలేదు. నీళ్లలో కొండలు నిలబడి ఉన్నాయి, ఆ కొండల నీడలు తలకిందులుగా నిలబడి ఉన్నాయి. మంచు ఇంకా పూర్తిగా విడిపోలేదు. ఏసేపు తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

ఇద్దరూ మెట్లు దిగి నీళ్ల అంచుకు పోయారు. విశ్వాసమ్మ చెంబును రాయి మీద పెట్టింది. నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడింది. ఏసేపు కూడా ఆమె పక్కనే, తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నీళ్లు వచ్చి రాయిని తాకి పోతున్నాయి. ఇద్దరూ అటూ ఇటూ చూశారు.

కాసేపటికి మోకాళ్ల దాకా చీర తడిసిన ముసలామె ఒకతె గడ్డిమోపుతో అటు వచ్చింది. పేరు గిడ్డమ్మ అని తర్వాత తెలిసింది. వీళ్లను చూసి ఆగింది.

"ఎవరి కోసమమ్మా నిలబడినారు?"

"పోసేటోళ్ల కోసం," అంది విశ్వాసమ్మ.

గిడ్డమ్మ చెరువు వైపు చూసింది, చెంబు వైపు చూసింది, వీళ్ల వైపు చూసింది. ముందు నవ్వబోయింది. తర్వాత నవ్వలేదు.

"ఇంత చెరువుకు పోసేటోడు యాడుండాడు తల్లీ? దిగి ముంచుకో."

విశ్వాసమ్మకు ఒళ్లంతా వేడెక్కింది. సిగ్గో కోపమో ఆమెకే తెలియలేదు. ఎవరూ లేని చోట, ఎవరూ వద్దనని చోట, తాను లెక్కపెట్టినట్టు నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడింది. పెద్ద కొండలు రెండు చూస్తుండగా నిలబడింది. ఆమె చెంబు తీసుకోలేదు. చీర కుచ్చెళ్లు కూడా ఎత్తి పట్టుకోకుండా నీళ్లలోకి నడిచింది. మోకాళ్ల దాకా, నడుము దాకా. అక్కడ ఆగి రెండు చేతులతో ముంచుకుని తాగింది. ముఖం మీద పోసుకుంది. భర్త వైపు తిరిగి, "ఏం సూస్తాండావు, దిగు!" అని అరిచింది. ఏసేపు చొక్కాతోనే దిగి, ఆమె పక్కన నిలబడి నవ్వాడు. గిడ్డమ్మ గడ్డిమోపు దించి కట్ట మీద కూర్చుని చూసింది.

ఆ రోజు తిరిగి పోవాల్సినవాళ్లు పోలేదు. గిడ్డమ్మ వసారాలో పడుకున్నారు, ఆమె పెట్టిన వరిఅన్నం తిన్నారు. ఆదివారం పొద్దున మళ్లీ కట్ట ఎక్కారు. గుడిలో పాడాల్సిన కోతపాటను విశ్వాసమ్మ అక్కడ కూర్చుని గొంతెత్తి పాడింది. సోమవారం పొద్దు గూకేవేళకు పల్లె చేరారు.

పేటలోకి అడుగు పెట్టేసరికే లేవి ఎదురొచ్చాడు. వెనక అతని భార్య వరమ్మ.

"యాడికి పోయినార్రా? నంద్యాలకు మనిషిని పంపిస్తిని. పెండ్లే లేదన్నారు! సచ్చినారనుకుంటిమి."

"కంభం పోయినాము బావా," అంది విశ్వాసమ్మ.

"కంభంలో ఎవరుండారు?"

"ఎవరూ లేరు. చెరువుండాది, కొండలుండాయి. సూసొచ్చినాము."

లేవికి ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. చచ్చినవాళ్లు లేరు, రోగం లేదు, పెళ్లి లేదు. మొగుడూ పెళ్లాం ఊరికే కొండలు చూడ్డానికి పోయి వచ్చారు.

"సిగ్గుండాదా మీకు? కోతపండుగ నాడు మీ చేట రాలేదు. పొద్దున రెడ్డి నన్ను పదిమందిలో నిలబెట్టి, ఏం లేవీ, నీ తమ్ముడు దొర అయినాడా, దొరసానితో షికారు పోయినాడా అని అడిగె. ఏం చెప్పేది నేను?"

"అవునని చెప్పకపోతివా బావా?"

వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లేవి భార్య వైపు కోపంగా చూసి, ఆదివారం నుంచి ఇద్దరూ వెనక చాప మీద కూర్చోవాలని చెప్పి వెళ్లిపోయాడు.

లేవి చెడ్డవాడు కాదు. రెడ్డికి కోపం వస్తే గుడి కట్టిన నేల ఎవరిదని అడుగుతాడేమోనని అతని భయం. పేటవాళ్ల గింజలు, గుడిసెలు, పరువు అన్నీ తన నెత్తి మీద ఉన్నాయని నమ్మే మనిషి. విశ్వాసమ్మకు అది తెలుసు. అయినా తప్పు అనే మాట ఆమెకు నోటికి రాలేదు. ఆ ఆదివారం ఏసేపుకు చలిజరం పట్టుకుని మంచం మీద వణుకుతుంటే ఆమె ఒక్కతే పోయి చాప మీద కూర్చుంది. కూలికి, నీళ్లకు ఎట్లా నడిచేదో అట్లాగే నిటారుగా నడిచి పోయింది.

ఆ సాయంత్రం లేవి తమ్ముణ్ని చూడ్డానికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"సూసినావా? దేవుడు ఊరికే ఇడిసిపెడతాడా? మందిరం ఇడిసి చెరువు సూడ పోతే జరం ఇచ్చినాడు."

"కంభమోళ్లు ఏటా జరంతో వణుకుతారంట బావా," అంది విశ్వాసమ్మ గంజి కలుపుతూ. "వాళ్లందరూ ఏ మందిరం ఇడిసి పోయినారు?"

లేవి మంచానికి ఇంకా దగ్గరగా జరిగాడు. దుప్పటి కింద ఉన్న తమ్ముడి వైపు వంగి మెల్లగా చెప్పాడు. "వచ్చే ఆదివారం అయ్యగారు వస్తాండారు. నువ్వు లేచి ఒక్క మాట చెప్పు. ఆడదాని మాట ఇని పోయినా, తప్పయింది అను. అంతే. నిన్ను బల్లకు రానిస్తారు. దాని సంగతి దానికి బుద్ధొచ్చినాక సూద్దాం."

దుప్పటి కింద ఏసేపు తల ఊపాడు. వణుకుతో ఊగిందో, సరేనని ఊపాడో విశ్వాసమ్మకు తెలియలేదు. అడగలేదు కూడా. ఆ వారమంతా ఆమె గంజి కాచింది, కషాయం తాగించింది, రెడ్డి చేలో కోతకు పోయింది, కంభం ఊసెత్తలేదు. చాప మీద ఒక్కతే కూర్చోవడం ఆమెకు లెక్కలోది కాదు. కాని ఏసేపు ఆ మాట అంటే, చెరువులో దిగి తాగిన ఆ పొద్దు మొత్తం ఆమె మోసుకొచ్చిన పాపమైపోతుంది. నీళ్లలో తన పక్కన నిలబడి నవ్విన ఏసేపు, ఆ నవ్వు దొంగసొమ్మని ఒప్పుకున్నట్టవుతుంది. దాని తర్వాత ఒకే ఇంట్లో ఎట్లా ఉండేదో ఆమెకు ఊహకు అందలేదు.

అయ్యగారు వచ్చిన ఆదివారం గుడి నిండిపోయింది. ముందు బల్ల మీద తెల్లగుడ్డ కప్పి రొట్టె, ద్రాక్షరసం పెట్టారు. ఏసేపు జరం తగ్గి, ముఖం పాలిపోయి, మగవాళ్ల వైపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అన్న అతన్ని చాప దాకా పోనివ్వలేదు. ఈ పొద్దు నీది తేలిపోతాది, ఈడనే కూర్చో అన్నాడు. విశ్వాసమ్మ ఆడవాళ్ల వెనక చాప మీద ఒక్కతే కూర్చుంది.

"విశ్వాసమ్మా," అని పిలిచారు అయ్యగారు. నంద్యాలలో చదువుకున్న పెద్దమనిషి, మాట మెత్తన. "సంఘం ముందు ఏమైనా చెప్పుకుంటావా?"

ఆమె లేచింది.

"చెప్పుకుంటానయ్యా. కంభం శానా బాగుండాది."

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. లేవి గట్టిగా దగ్గాడు.

"అది కాదమ్మా. చెప్పకుండా పోవడం, ఆరాధన మానడం... అది తప్పని నీకు అనిపించలేదా?"

"పండుగకు గింజలు తేకపోవడం తప్పేనయ్యా. ఈ పొద్దు రెండు చేటలు తెచ్చి పెట్టినా, అదో ఆడుండాయి. పోవడం తప్పు కాదు. తప్పని ఈడ చెప్తే అబద్ధం అవుతాది. ఆ అబద్ధానికి మళ్లీ వచ్చే ఆదివారం లేచి నిలబడాల."

అయ్యగారు పుస్తకంలో పేజీ తిప్పారు. కూర్చోమని చెయ్యి ఊపారు. ఆమె కూర్చుంది.

"ఏసేపూ," అన్నాడు లేవి, అయ్యగారు పిలవకముందే. "లెయ్యి. చెప్పు."

ఏసేపు గోడ పట్టుకుని లేచాడు. విశ్వాసమ్మ అతని వైపు చూడలేదు. చాప ఈతాకులను వేలితో గీరుతూ కూర్చుంది.

"మా అన్న నన్నొక మాట చెప్పమన్నాడయ్యా," అన్నాడు ఏసేపు. "ఆడదాని మాట ఇని పోయినానని. పొద్దున్నుంచి నోట్లో అనుకుంటాండా. రాలేదు. ఆమె ఏమీ అనలా. రొట్టె మూట ఇప్పుతాండె. పోదామంటి నేనే. పోదామంటే వచ్చింది. రేపు మళ్లా పోదామంటా, అప్పుడూ వస్తాది."

"ఒరేయ్!" అన్నాడు లేవి.

ఏసేపు నడిచాడు. మగవాళ్ల మధ్యలోంచి, గుడి నడుమ దారి దాటి, ఆడవాళ్ల వైపుకు. కూర్చున్న ఆడవాళ్లు కొంగులు సర్దుకుంటూ దారి ఇచ్చారు. అతను వెనక చాప మీద భార్య పక్కన కూర్చున్నాడు. ఆ గుడి కట్టిన నాటి నుంచి ఆ వైపు ఒక మగవాడు కూర్చోలేదు.

"అది ఆడోళ్ల తట్టురా, లెయ్యి!"

"నా పెండ్లాం కూర్చున్న తట్టు," అన్నాడు ఏసేపు. లేవలేదు.

విశ్వాసమ్మ తల వంచుకుంది. ఏడుస్తోందని వరమ్మ అనుకుంది. దగ్గరికి వంగి చూస్తే ఆమె పళ్లు కనిపించాయి.

అయ్యగారు బల్ల ఇచ్చారు. చాప దాకా రొట్టె రాలేదు. ఆరాధన ముగిసి మగవాళ్లు బయటికి పోయాక ఆడవాళ్లు పోలేదు. ఒక్కొక్కరే వెనక్కి జరిగి చాప చుట్టూ కూర్చున్నారు.

"అక్కా, కొండలోపల రైలు పోతాంటే ఊపిరాడతాదా?"

"దొరసానీ, ఆ చెరువు మన కుందూ ఏరు కన్నా పెద్దదా?"

"ఆ నీళ్లు నిజంగా నువ్వే ముంచుకుంటివా?"

చివరి మాట అడిగింది వరమ్మ. విశ్వాసమ్మ తన రెండు చేతులనూ దోసిలి పట్టి చూపించింది.

ఆ పొద్దు మొదలుకొని ఏడాది పొడవునా భార్యాభర్తలు ఆ చాప మీదే కూర్చున్నారు. అయ్యగారు వచ్చిన ప్రతిసారీ అడిగారు. వీళ్లు ప్రతిసారీ అదే చెప్పారు. ఊళ్లో కొందరు ముఖం తిప్పుకున్నారు, కొందరు తొండాలు కుట్టించుకోవడానికి వేరేవాణ్ని పిలిచారు. వాడు కుట్టినవి కారాయి, మళ్లీ ఏసేపు దగ్గరికే వచ్చారు. చాప అంచులు చిరిగిపోతే విశ్వాసమ్మే కూర్చుని అల్లింది.

మళ్లీ జొన్న పాలుపోసుకుని గింజ పట్టే రోజులు వచ్చాయి. ఒకనాటి పొద్దున లేవి తన వాకిట్లో పళ్లు తోముకుంటుంటే ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని, చేతిలో మూటతో వచ్చి నిలబడ్డారు. లేవి వేపపుల్ల నోట్లోంచి తీశాడు.

"మళ్లా యాడికి?"

"కంభం," అంది విశ్వాసమ్మ. "పోయిన తడవ చెప్పకుండా పోయినామని గదా బావా నీ కోపం? ఈసారి చెప్పి పోతాండాము. కోతకు ముందే వస్తాం. ఆ చాప కొంచెం దులిపి పెట్టించు, వచ్చినాక కూర్చుంటాం."